జున్ను కోసం స్కూటీ మీద ఒంటరిగా: వైజాగ్ నుంచి బరంపురం దాకా

చీజ్‌కి మన పాఠ్యపుస్తకాల్లో రాసే మాట జున్ను. కానీ ఇంట్లో జున్ను అన్నామంటే అందరికీ గుర్తొచ్చేది ఒక్కటే, గేదె ఈనిన ఇంటి నుంచి స్టీలు గిన్నెలో మూతపెట్టి పంపించే ముర్రుపాలు, వాటిలో బెల్లం, మిరియాలు వేసి వండిన పసుపుపచ్చటి గడ్డ. దాన్ని వెతుక్కుంటూ నేను ఏడాదికోసారి చలికాలంలో వైజాగ్ నుంచి బయల్దేరి, శ్రీకాకుళం జిల్లా అంతా దాటి, ఒడిశాలో బరంపురం దాకా ఒక్కదాన్నే స్కూటీ మీద వెళ్లొస్తాను. రానూపోనూ దాదాపు 540 కిలోమీటర్లు, మూడు పగళ్లు, రెండు రాత్రులు. ఎలా వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఏం అడగాలి అని తెలిసినవాళ్లు చాలామంది అడిగారు కాబట్టి అంతా ఒకచోట రాసేస్తున్నాను.

ముందు ఒక సంగతి బుర్రలోకి ఎక్కించుకోవాలి. ఈ ట్రిప్‌లో మీరు చూసుకోవాల్సింది షాపు తెరిచే టైము కాదు, పాలు పితికే టైము. జున్నుకి బోర్డు పెట్టిన షాపు హైవే మీద ఎందుకు ఉండదో అర్థమైతే మిగతాదంతా తేలిక. ఊళ్లో పాలకేంద్రం వాళ్లు ముర్రుపాలు తీసుకోరు. డెయిరీలో పాలు వేడి చెయ్యకుండా పని జరగదు, ముర్రుపాలు వేడి తగిలితే గడ్డకట్టేస్తాయి, అవి కలిస్తే మిగతా పాలూ పాడవుతాయి. అందుకని ఈనిన మొదటి నాలుగైదు రోజుల పాలు కేంద్రానికి వెళ్లకుండా ఊళ్లోనే ఉండిపోతాయి. దూడ తాగగా మిగిలినవి ఇంట్లో వండుకుంటారు, ఇరుగుపొరుగుకి పంచుతారు, ఇంకా మిగిలితే ఎవరైనా అడిగితే అమ్ముతారు. ఆ అడిగే మనిషి మీరు కావాలి, అదీ ఆ పూటే కావాలి.

ఒంటరిగా వెళ్లమని చెప్పేది కూడా అందుకే. నలుగురం కార్లో వెళ్తే ఒకరికి టిఫిన్ టైమ్ అవుతుంది, ఒకరికి బీచ్ చూడాలి, పశువుల పాక ముందు ముప్పావుగంట నిలబడటానికి ఎవరికీ ఓపిక ఉండదు. ఒక్కదాన్నే అయితే ఆ పాక ముందే కూర్చుంటాను, వాళ్లు పని ముగించుకునేదాకా. పైగా ఒంటరిగా వచ్చిన మనిషిని మన ఊళ్లలో ఎవరూ ఊరికే వదలరు. "ఏటమ్మా, ఒక్కదానివే ఎల్తన్నావా?" అని మొదలుపెట్టి ఇంటిపేరు దాకా అడుగుతారు, అక్కడితో సగం పని అయిపోయినట్టే.

ఎప్పుడు వెళ్లాలి అంటే, నవంబర్ ఆఖరు నుంచి జనవరి మధ్య దాకా. గేదెలు ఎక్కువగా వానాకాలం నడుమ నుంచి చలికాలం మొదలయ్యేదాకా ఈనుతాయి కాబట్టి నిజానికి అక్టోబరు ఇంకా మంచిది, కానీ ఆ నెల మన తీరానికి తుఫాన్ల నెల. హుద్‌హుద్ వైజాగ్ మీద పడింది 2014 అక్టోబర్ 12న, తిత్లీ పలాస వైపు తీరం దాటింది 2018 అక్టోబర్ 11న. ఆ టైములో స్కూటీ మీద ఈ రోడ్డెక్కొద్దు. నవంబర్‌లో కూడా బయల్దేరే ముందు మూడు రోజులు వాతావరణ శాఖ బులెటిన్ చూసుకుని, బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట కనిపిస్తే వారం వాయిదా వేసుకోండి.

బండి సంగతి. 110 సీసీ స్కూటీ చాలు, నాది అదే. ట్యాంకులో ఐదు లీటర్లే పడుతుంది కాబట్టి సగానికి రాగానే నింపుకోవడం అలవాటు చేసుకోండి. బయల్దేరే ముందు రోజు టైర్లలో గాలి, బ్రేకులు, ఇంజిన్ ఆయిల్ చూపించి, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఫోన్లో డిజీలాకర్లో పెట్టుకుని, ఒక జిరాక్స్ కూడా దగ్గర ఉంచుకోండి, ఎందుకంటే రాష్ట్రం దాటుతున్నాం. టోల్‌గేట్ల దగ్గర టూవీలర్‌కి డబ్బు కట్టక్కర్లేదు, పక్క లేన్‌లోంచి వెళ్లిపోవచ్చు. హెల్మెట్ గురించి వేరే చెప్పను.

సామాన్లలో ముఖ్యమైనది చిన్న ఐస్‌బాక్స్. ఐదారు లీటర్లది, లోపల రెండు జెల్‌ప్యాకులు. దాన్ని వెనక సీటు మీద తాడుతో కట్టండి. సీటు కింద డిక్కీలో మాత్రం పాలపదార్థం ఏదీ పెట్టొద్దు. మొదటిసారి వెళ్లినప్పుడు తెలీక కిలో పనీర్ డిక్కీలో పెట్టి పలాస నుంచి శ్రీకాకుళం దాకా వచ్చాను. డిక్కీ కిందే ఇంజిన్ ఉంటుంది, ఆ వేడికి లోపల పొయ్యి పక్కన పెట్టినట్టే. తీసి చూస్తే కవరు ఉబ్బిపోయి, పుల్లటి వాసన, పనీర్ పట్టుకుంటే జిగురు. మొత్తం పారేయాల్సి వచ్చింది, ఎవరో పొద్దున్నే లేచి ఐదు లీటర్ల పాలు కాచి చేసిన వస్తువు. చాలా బాధనిపించింది. అప్పటి నుంచి ఒకటే లెక్క పెట్టుకున్నాను, ఐస్ లేకుండా పాలపదార్థం రెండు గంటలకు మించి బయట ఉండకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. ఆ పైన ఎంత రుచిగా ఉన్నా తినొద్దు, ఎవరికీ పెట్టొద్దు.

ఈ లెక్క వల్లే ఇంకో నియమం వచ్చింది. వెళ్లేటప్పుడు తినడం, చూడటం, ఫోన్ నంబర్లు తీసుకోవడం మాత్రమే. ఇంటికి కావాల్సినవి కొనడం తిరుగు ప్రయాణంలో, అది కూడా ఇంటికి దగ్గరగా ఉన్న ఊళ్లలో.

ఇప్పుడు దారి. పొద్దున్న నాలుగున్నరకి హనుమంతవాక జంక్షన్ దాటాలి. ఎండాడ, మధురవాడ, కొమ్మాది మీదుగా ఆనందపురం చేరేసరికి పూల మార్కెట్ దగ్గర బంతిపూల బస్తాలు దింపుతూ ఉంటారు, అక్కడ మొదటి టీ. తర్వాత తగరపువలసలో గోస్తనీ దాటితే అసలు పని మొదలవుతుంది. భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం వరకూ హైవేకి రెండువైపులా లోపలికి వెళ్లే రోడ్లుంటాయి. హైవే మీదే ఉండిపోతే మీకు దొరికేది దాబా పనీర్ బటర్ మసాలా ఒక్కటే. ఐదున్నర, ఆరు మధ్య ఏదో ఒక ఊళ్లోకి తిరగండి, చేతిలో క్యాన్లతో నడిచివెళ్లే మనుషుల వెనక వెళ్తే పాలకేంద్రం వచ్చేస్తుంది. అక్కడ ఫ్యాట్ చూసి పుస్తకంలో రాసుకునే మనిషి ఉంటారు, ఊళ్లో ఏ ఇంటి నుంచి నాలుగు రోజులుగా పాలు రావట్లేదో ఆయనకి తెలుసు. పాలు రావట్లేదంటే గేదె వట్టిపోయి ఉండాలి, లేకపోతే ఈని ఉండాలి. "అన్నా, ఈ మధ్య ఎవరి గేదైనా ఈనిందా?" అని అడగండి చాలు. గూగుల్ మ్యాప్‌లో ఎంత వెతికినా దొరకని అడ్రస్ ఆయన చేత్తో చూపించేస్తారు.

ఇంటికి వెళ్లాక మొదటి ప్రశ్న ధర గురించి వద్దు. "దూడ తాగిందా అమ్మా?" అని అడగండి. ఇది మర్యాద కోసం చెప్పట్లేదు. దూడ పుట్టినప్పుడు దాని ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి దాదాపు ఉండదు, అది ముర్రుపాల నుంచే రావాలి, ఆ శక్తిని పేగులు పీల్చుకోగలిగేది మొదటి 24 గంటలే. పుట్టిన కొన్ని గంటల్లోనే కడుపునిండా తాగాలి. మనకిచ్చేది దాని వాటా తీరాక మిగిలింది మాత్రమే అయ్యుండాలి. ఇవాళే ఈనిందని చెప్తే నేను అడగను, రెండో రోజు, మూడో రోజు పాలు అయితేనే తీసుకుంటాను. ఈ ప్రశ్న అడిగినందుకు ఇంతవరకు ఎవరూ చిరాకు పడలేదు, ఒకావిడ అయితే "మా పెయ్య సుబ్బరంగా తాగింది, రా సూద్దువు" అని పాకలోకి తీసుకెళ్లి చూపించారు, తల్లి నాకుతుంటే తడి తడిగా మెరుస్తోంది.

వండిన జున్ను ఉంటే అక్కడే తినండి. రణస్థలం దగ్గర ఒక ఇంట్లో తిన్నది ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఇడ్లీపాత్రలో వండి, గిన్నెతోనే చల్లారబెట్టారు. ఆవిడ గరిటె కాడతో నాలుగు గీతలు గీసి ఒక ముక్క పైకి లేపితే, కోసిన చోట సన్నటి చిల్లులు, ఆ చిల్లుల్లోంచి బెల్లం రంగు ఊట నెమ్మదిగా కారి గిన్నె అడుగున చేరింది. ముక్క విస్తరాకులో పెట్టి పైన ఆ ఊట చెంచాతో పోశారు. మొదట మిరియం ఘాటు, తర్వాత బెల్లం, ఆఖరున పాల కమ్మదనం. పళ్ల కింద కొంచెం బిరుసుగా తగలాలి జున్ను, నోట్లో పెట్టగానే కరిగిపోతే అనుమానించాలి.

అనుమానం అన్నాను కాబట్టి నకిలీ సంగతి కూడా. సిటీలో తోపుడుబండ్ల మీద, బేసిన్లలో ఏడాది పొడవునా జున్ను దొరుకుతుంది. అందులో నిజమైనది ఉండదని అనను, కానీ చైనాగ్రాస్‌తోనో, కార్న్‌ఫ్లోర్‌తోనో, గుడ్డుతోనో గడ్డకట్టించినవీ ఉంటాయి. చైనాగ్రాస్‌ది అద్దంలా నున్నగా ఉంటుంది, కోస్తే అంచులు జెల్లీలా కదులుతాయి, ఊట రాదు. గుడ్డుది వాసనలో దొరికిపోతుంది. కార్న్‌ఫ్లోర్‌ది నాలుకకి అంటుకుంటుంది, ఒక్క చుక్క టింక్చర్ అయోడిన్ వేస్తే నీలంగా మారుతుంది. నా సంచిలో అయోడిన్ సీసా ఎప్పుడూ ఉంటుంది, దెబ్బ తగిలితే కూడా పనికొస్తుంది. అమ్మేవాళ్ల ఎదురుగా మాత్రం తీయొద్దు, ఒక ముక్క కొనుక్కుని పక్కకి వెళ్లి చూసుకోండి.

పది గంటలకి శ్రీకాకుళం. నాగావళి దాటి ఊళ్లోకి వెళ్లి టిఫిన్ చేసి, కావాలంటే అరసవల్లిలో దణ్ణం పెట్టుకుని, ఎండ తగ్గేదాకా ఎక్కడైనా నీడపట్టున ఉండండి. ఇక్కడ చూడాల్సింది పనీర్. స్వీట్ షాపుల్లో రసగుల్లా, రసమలై సొంతంగా చేసేవాళ్లని వెతకండి. గుర్తుపట్టడం తేలిక, "పాలు మీరే విరగ్గొడతారా?" అని అడిగితే నిజంగా చేసేవాళ్లు ఏ టైముకి విరగ్గొడతారో కూడా చెప్తారు, బయట నుంచి తెప్పించేవాళ్లు "ఫ్రెష్షే మేడమ్" అని ఊరుకుంటారు.

పనీర్ కొనేటప్పుడు చిన్న లెక్క. లీటరు గేదెపాలకి పనీర్ రెండొందల గ్రాములు వస్తే గొప్ప. అంటే కిలోకి ఐదు లీటర్లు కావాలి, ఆవుపాలైతే ఇంకా ఎక్కువ. ఆ ఊళ్లో లీటరు పాల ధర ఎంతో పొద్దున్నే పాలకేంద్రం దగ్గర తెలుసుకున్నారు కదా, దాన్ని ఐదుతో గుణించండి. కిలో పనీర్ అంతకంటే తక్కువకి ఇస్తానంటే అది పాలతో చేసింది కాదు. పామాయిల్ లాంటి నూనెలతో చేసేదాన్ని అనలాగ్ అంటారు, ప్యాకెట్ మీద ఆ మాట రాసి అమ్మాలి, విడిగా అమ్మే దిమ్మ మీద ఎవరూ రాయరు. చేత్తో నలిపి చూడండి, పాల పనీర్ పొడిపొడిగా విరుగుతుంది, వేళ్లకి నెయ్యివాసన అంటుతుంది. రబ్బరులా సాగితే వదిలేయండి.

మధ్యాహ్నం మూడున్నరకి మళ్లీ రోడ్డెక్కండి. మడపాం దగ్గర వంశధార దాటి, నరసన్నపేట, కోటబొమ్మాళి, టెక్కలి. సాయంత్రం పాలు పితికే వేళకి టెక్కలి దాటి ఏదో ఒక ఊళ్లో ఉంటారు, పొద్దున్న చేసిన పనే మళ్లీ. పక్షులంటే ఇష్టమైతే టెక్కలి దగ్గర తేలినీలాపురం చలికాలంలో గూడబాతులతో, ఎర్రకాళ్ల కొంగలతో నిండి ఉంటుంది, నేను అరగంట ఆగుతాను. చీకటి పడేలోపు పలాసలో రూమ్ తీసుకోవాలి. చలికాలంలో ఐదున్నరకే చీకటి, హైవే మీద ఆగిన లారీలు దగ్గరకి వెళ్లేదాకా కనబడవు. ఒంటరిగా వెళ్లే అమ్మాయిలకి నా మాట, బస్టాండ్ దగ్గర ఫ్యామిలీలు దిగే లాడ్జి చూసుకుని, ముందే ఫోన్ చేసి రూమ్ చెప్పుకుని, తలుపు గడియ సరిగా పడుతుందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి. ఇంట్లో ఒకరికి లైవ్ లొకేషన్ మూడు రోజులూ ఆన్‌లో ఉంచండి. అమ్మకి టెన్షన్ తగ్గుతుంది, మీకు ఫోన్లు తగ్గుతాయి.

రెండో రోజు పొద్దున్నే పలాస నుంచి సోంపేట, కంచిలి మీదుగా ఇచ్ఛాపురం. ఉద్దానం కొబ్బరితోటల గాలి చల్లగా మొహానికి కొడుతుంది, స్వెటర్ తీయొద్దు. ఇచ్ఛాపురంలో సగం మాటలు ఒరియాలో వినిపిస్తాయి, ఇంకాస్త ముందుకెళ్తే బరంపురం. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది, భాష గురించి భయం వద్దు.

బరంపురం దాకా ఎందుకు వెళ్లాలంటే, ఛెనాపోడ కోసం. ఒరియాలో ఛెనా అంటే విరిగిన పాల ముద్ద, పోడ అంటే కాల్చింది. పనీర్‌ని బరువు పెట్టి నొక్కి దిమ్మ చేస్తారు, ఛెనాని నొక్కరు, నీళ్లు ఓడ్చి మెత్తగా ఉంచుతారు. దానిలో పంచదార, కొంచెం బొంబాయి రవ్వ, యాలకులు వేసి అరచేత్తో బాగా మెదిపి, సాల చెట్టు ఆకుల్లో చుట్టి గంటల తరబడి కాలుస్తారు. పైన పంచదార మాడి గోధుమరంగు పెచ్చు కడుతుంది, లోపల స్పాంజిలా ఉంటుంది. నయాగఢ్ వైపు పుట్టిన వంటకం అంటారు, ఇప్పుడు ఒడిశా అంతటా ఉంది. షాపులో అడగాల్సింది ఇవాళ కాల్చిందా, నిన్నదా అని. అంచు ముక్క అడిగి తీసుకోండి, ఆకు అంటుకుని కాలిన వాసన అంచుకే ఉంటుంది. నేను పావుకిలో అక్కడే నిలబడి తిని, అరకిలో కట్టించుకుంటాను. ఇది మాత్రం నా నియమానికి మినహాయింపు, బాగా కాలి నీరు ఇంకిపోయింది కాబట్టి జున్నులా గంటల్లో పాడవదు, అయినా ఐస్‌బాక్స్‌లోనే పెడతాను.

మధ్యాహ్నానికి వెనక్కి తిరిగి, నెమ్మదిగా ఆగుతూ వచ్చి, రెండో రాత్రి శ్రీకాకుళంలో ఉండండి. రాత్రి లాడ్జి వాళ్లని అడిగితే జెల్‌ప్యాకులు ఫ్రీజర్‌లో పెడతారు, నాకు ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. మూడో రోజు నాలుగున్నరకి బయల్దేరి, మొదటి రోజు నంబర్లు తీసుకున్న ఇళ్లకి ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి ఉంటే, రణస్థలం, భోగాపురం మధ్య ఎవరో ఒకరి దగ్గర పాలు సిద్ధంగా ఉంటాయి. మీ సొంత స్టీలు క్యాన్ తీసుకెళ్లండి, ప్లాస్టిక్ సీసాకి వాసన పడితే పోదు. డబ్బు చిల్లరగా, ఏం అడిగితే అది ఇవ్వండి. కొన్ని ఇళ్లలో ముర్రుపాలు అమ్మకూడదని నమ్మకం, డబ్బు తీసుకోరు. అలాంటిచోట ఉత్త క్యాన్‌తో వెళ్లొద్దు, పిల్లలకి పళ్లో బిస్కెట్లో పట్టుకెళ్లండి.

అక్కడి నుంచి వైజాగ్ గంట, గంటన్నర. ఇంటికి రాగానే హెల్మెట్ తీసి మొదట చేయాల్సిన పని వంట. రెండో రోజు పాలైతే గ్లాసుకి గ్లాసు మామూలు పచ్చిపాలు కలపండి, మూడో రోజువైతే అరగ్లాసు చాలు. కొలత మీద అనుమానం ఉంటే రెండు చెంచాలు చిన్న గిన్నెలో పోసి ఆవిరి మీద పెట్టి చూడండి, గట్టిగా రాయిలా అయితే పాలు ఇంకా కలపాలి, వదులుగా ఉంటే ఆపాలి. అనకాపల్లి బెల్లం తరిగి పాలలోనే కరిగించి వడకట్టండి, ఇసుక పోతుంది. మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, రెండు యాలకులు వేసి, కుక్కర్లో నీళ్లు పోసి గిన్నె పెట్టి, గిన్నె మీద పళ్లెం మూతపెట్టి, వెయిట్ లేకుండా ఇరవై నిమిషాలు. చాకు గుచ్చితే శుభ్రంగా రావాలి. వేడిగా కోయొద్దు, ఊటంతా పోతుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులు బాగుంటుంది, మా ఇంట్లో అంతసేపు ఎప్పుడూ మిగల్లేదు.

రణస్థలం దగ్గర గరిటె కాడతో జున్ను కోసి పెట్టిన ఆవిడ నంబరు నా ఫోన్లో "జున్ను పిన్ని" అని ఉంది. పోయిన వారం తనే ఫోన్ చేశారు, "మా గేది సూడితో ఉంది, కార్తీకం ఎల్లేసరికి ఈనుద్ది, రా" అని. బండి సర్వీసింగ్‌కి ఇచ్చేశాను.